పేరంటానికి పిలవని సాక్షులు

మతం గురించి ఏ చర్చ మొదలుపెట్టినా చివరికొచ్చి నిలిచే మాట ఒకటుంది. ఇన్ని కోట్లమంది, ఇన్ని వందల ఏళ్ళుగా నమ్ముతున్నారంటే అందులో ఏ సత్యమూ లేకుండానే నమ్ముతున్నారా? ఈ మాట అనేవాళ్ళు సాధారణంగా వేలు చూపించేది ఆడవాళ్ళ వైపు. గుడి ముందు క్యూలో వాళ్ళే, శ్రావణ శుక్రవారం బజారు నిండా వాళ్ళే, ప్రార్థన కూటంలో వాళ్ళే, దర్గాలో మొక్కి దారం కట్టేదీ వాళ్ళే. "చదువుకున్న ఆడవాళ్ళు కూడా చేస్తున్నారు కదా" అనేది దీనికి కొసరు. ఒక మతం సత్యమని చెప్పడానికి సాక్షుల్ని లెక్కపెట్టాల్సి వచ్చినప్పుడు ఆ లెక్కలో పెద్ద భాగం మనమే. శాస్త్రం రాసినచోట, తీర్పు చెప్పినచోట కనపడని స్త్రీలు సాక్ష్యం చెప్పేచోట మాత్రం కిక్కిరిసి ఉంటారు. కాబట్టి ఈ వాదాన్ని పరీక్షించాల్సిన పని ముందుగా మనదే.

తర్కం ఈ వాదాన్ని ఒక్క వాక్యంలో కొట్టిపారేస్తుంది. సూర్యుడే భూమి చుట్టూ తిరుగుతున్నాడని లోకమంతా నమ్మిన రోజుల్లో కూడా తిరిగింది భూమే. నమ్మేవాళ్ళ సంఖ్యతో విషయం మారదు. ఈ జవాబు సరైనదే కానీ దీనితో ఎవరి మనసూ మారినట్టు కనపడదు. ఎందుకంటే వ్రతం చేసుకునే స్త్రీ చెప్పేది అలాంటి మాట కాదు. "నేను చేశాను, ఫలించింది. మా పక్కింటావిడ చేసింది, ఆవిడకీ ఫలించింది" అంటుంది. ఆమె అప్పజెబుతున్నది సిద్ధాంతాన్ని కాదు, అనుభవాన్ని. అనుభవాన్ని తర్కంతో తోసెయ్యలేం. అది సాక్ష్యంగా ఎలా తయారవుతుందో మాత్రం చూడవచ్చు. అందుకు మన దగ్గర ఒక సాహిత్యం ఉంది. తెలుగు స్త్రీలు ఏళ్ళ తరబడి పైకి చదివిన, చేతిలో అక్షింతలు పట్టుకుని విన్న వ్రతకథలు. వీటిని భక్తి కింద ఒకరు, మూఢనమ్మకం కింద ఇంకొకరు పక్కన పెట్టేశారు. కథలుగా చదివింది తక్కువ.

అందరికీ తెలిసిన సత్యనారాయణ వ్రతకథనే తీసుకుందాం. స్కాందపురాణంలో రేవాఖండంలోదిగా చెప్పుకునే ఈ కథ అయిదు అధ్యాయాల్లో నడుస్తుంది. కాశీలో ఒక పేద బ్రాహ్మడు దేవుడు చెప్పగా వ్రతం చేసి ధనవంతుడవుతాడు. దాహంతో ఆ ఇంటికొచ్చిన కట్టెలమ్మేవాడు పూజ చూసి, ఇదేమిటని అడిగి, తానూ చేస్తాడు. మరునాడు కట్టెలకు రెండింతల ధర పలుకుతుంది. ఉల్కాముఖుడనే రాజు భార్యతో కలిసి నది ఒడ్డున వ్రతం చేస్తుంటే పడవ దిగిన సాధువనే వర్తకుడు చూసి, అడిగి, నేర్చుకుంటాడు. గమనించండి. మొదటి బ్రాహ్మడికి తప్ప ఇక్కడెవరికీ దేవుడు కనిపించి వ్రతం నేర్పలేదు. ప్రతివాళ్ళూ ఇంకొకళ్ళు చేస్తుండగా చూసి మొదలుపెట్టినవాళ్ళే. నమ్మకం ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతుందో చెప్పడమే ఈ కథల నిర్మాణం. జనాదరణ కథ బయట తరువాత వచ్చి చేరిందేమీ కాదు. అది కథలోపలే ఒక రుజువుగా అల్లి ఉంది.

వరలక్ష్మీ వ్రతకథలో ఇది ఇంకా స్పష్టం. కుండినపురంలో చారుమతి తెల్లారకముందే లేచి భర్తకీ అత్తమామలకీ సేవలు చేసే ఇల్లాలు. లక్ష్మి ఆమెకి కలలో కనిపిస్తుంది. ఆమె ఆ కలను భర్తకీ అత్తమామలకీ చెప్పి, వాళ్ళు బాగుందన్నాకే మొదలుపెడుతుంది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ వచ్చి కలుస్తారు. మొదటి ప్రదక్షిణకి అందరి కాళ్ళకీ అందెలు, రెండోదానికి చేతులకి కంకణాలు, మూడోదానికి ఒళ్ళంతా నగలు. ఒక్కరికి కాదు, అందరికీ. వ్రతం చేసి కూడా బోసి చేతులతో ఇంటికెళ్ళిన ఆడది కుండినపురంలో ఒక్కతీ లేదు.

ఆ ఒక్కతీ ఎక్కడుంది? ఈ ప్రశ్న కొత్తదేం కాదు. క్రీస్తుకి పూర్వం అయిదో శతాబ్దానికి చెందిన డయాగొరస్ అనే గ్రీకు నాస్తికుడి గురించి రోమన్ రచయిత సిసెరో ఒక ఉదంతం చెబుతాడు. దేవుళ్ళకి మొక్కుకుని సముద్రంలో మునిగిపోకుండా బయటపడ్డవాళ్ళు గుడికి సమర్పించిన చిత్రాలను చూపించి, ఇప్పుడైనా నమ్ముతావా అన్నారట. మొక్కుకుని కూడా మునిగిపోయినవాళ్ళ చిత్రాలు ఎక్కడున్నాయని ఆయన అడిగాడట. మునిగిపోయినవాళ్ళు తిరిగొచ్చి బొమ్మలు వేయించలేరు. కాబట్టి గోడ మీద ఎన్ని బొమ్మలున్నా ఆ లెక్కకి విలువ లేదు.

సముద్రంలో మునిగినవాళ్ళు రాలేరు, నిజమే. కానీ మన ఇళ్ళలో నోము నోచీ మునిగినవాళ్ళు బతికే ఉన్నారు. పక్క గదిలోనే ఉన్నారు. శ్రావణ మంగళవారాల్లో కొత్త పెళ్ళికూతుళ్ళు అయిదేళ్ళపాటు చేసే మంగళగౌరీ నోము ఫలం ఏమిటో కథే చెబుతుంది. తల్లి నోచిన నోము వల్ల కూతురి భర్తకి రావలసిన అకాల మరణం తప్పిపోతుంది. అంటే ఇచ్చిన మాట ఐదోతనం. ఆ అయిదేళ్ళూ నోచి, తోరాలు కట్టుకుని, వాయనాలిచ్చి, ఆ తర్వాత భర్తను పోగొట్టుకున్న స్త్రీ ఆ మాటకి ఎదురు సాక్షి. ఆమె నోరు విప్పనక్కరలేదు, ఆ గదిలో కూర్చుంటే చాలు. సరిగ్గా ఆమెనే పేరంటానికి పిలవరు.

వితంతువుని శుభకార్యాలకు దూరంగా ఉంచడం గురించి స్త్రీవాదులు చాలా రాశారు. అశుభమనే ముద్ర, లైంగికత మీద అదుపు, ఆస్తి హక్కులు, వీటన్నిటి కోణం నుంచీ చూశారు. వీటికి ఇంకొకటి కలపాలని నాకనిపిస్తుంది. ఇది సాక్ష్యాన్ని ఏరివేసే ఏర్పాటు కూడా. ముత్తైదువలు మాత్రమే కూర్చున్న గదిలో చుట్టూ చూస్తే నోము నోచిన ప్రతి స్త్రీకీ భర్త ఉన్నాడు. నోము పనిచేస్తుందని ఆ గదే చెబుతుంది. ఫలం దక్కనివాళ్ళని ముందే బయటికి పంపించి, మిగిలినవాళ్ళని లెక్కపెట్టి, చూశారా ఎంతమందో అంటున్నాం. ఎవరో కూర్చుని పన్నిన కుట్ర అని నేననడం లేదు. దాని ఉద్దేశం ఏదైనా, దాని ఫలితం ఇది.

మా మేనత్త శ్రావణమాసంలో మా ఇంటికొచ్చి వారం రోజులుండేది. శనగలు నానబెట్టడం, బూరెల పూర్ణం, పులిహోర పోపు అన్నీ ఆమె చేతిమీదే. సాయంత్రం పేరంటాళ్ళ అలికిడి వినగానే వెనక వసారాలోకి వెళ్ళి కూర్చునేది. ఎవరూ వెళ్ళమనేవాళ్ళు కాదు, ఉండమనీ అనేవాళ్ళు కాదు. "నువ్వూ నోములు నోచావా అత్తా?" అని ఒకసారి అడిగాను. "నోచకేమే. నేను నోచినవన్నీ కూడితే మీ మావయ్య నూరేళ్ళు బతకాలి" అంది, బియ్యంలో రాళ్ళేరుకుంటూ. ఆ వాక్యం ఏ వ్రతకథలోనూ లేదు. ముందు గదిలో చారుమతి కథ చదువుతున్నవాళ్ళకి అది వినపడలేదు.

ఫలించని వ్రతాలను కథలు అసలు చెప్పవా అంటే చెబుతాయి, తప్పు ఫలానావాళ్ళదని తేల్చిచెబుతాయి. సాధువు కూతురు పుడితే వ్రతం చేస్తానని మొక్కుకుని, పుట్టాక పెళ్ళికి చేస్తానని వాయిదా వేసి, మర్చిపోతాడు. దేవుడికి కోపం వచ్చి మామా అల్లుళ్ళు పరదేశంలో జైలుపాలవుతారు. ఇక్కడ ఇల్లు దొంగలపాలై భార్య లీలావతి, కూతురు కళావతి బిచ్చమెత్తుకుంటారు. మొక్కు ఎగ్గొట్టినవాడు మగవాడు, తిరిపెం ఎత్తిందీ చివరికి వ్రతం చేసి అతన్ని విడిపించిందీ ఆడవాళ్ళు. అది చాలదన్నట్టు, భర్త పడవ ఒడ్డుకొచ్చిందని విన్న కళావతి ప్రసాదం తినకుండా పరుగెడితే పడవ భర్తతో సహా మాయమవుతుంది. ఆమె అతని పాదుకలు తీసుకుని సహగమనానికి సిద్ధపడుతుంది. వెనక్కెళ్ళి ప్రసాదం తిన్నాకగానీ అతను తిరిగి రాడు. ఎన్నాళ్ళకో వచ్చిన మొగుణ్ణి చూడాలని పరుగెత్తడం కూడా ఇక్కడ నేరమే.

ఇలాంటి కథలు విన్న స్త్రీకి వ్రతం విఫలమైతే దేవుడి మీద అనుమానం రాదు, తనమీదే వస్తుంది. ఏ ప్రసాదం వదిలేశానో, ఏ ముట్టు కలిసిందో, ఏ మాట తడబడిందో అని వెతుక్కుంటుంది. ఫలిస్తే దేవుడి మహిమ, ఫలించకపోతే భక్తురాలి లోపం. ఇక ఏ అనుభవమూ ఆ నమ్మకాన్ని తాకలేదు. ఏం జరిగినా చెదరని మాటకి ఎంతమంది సాక్షులున్నా, ఆ సాక్ష్యం దేన్నీ రుజువు చెయ్యదు.

మన కళ్ళముందే పెరిగిన ఒక దేవతను చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. 1975లో విజయ్ శర్మ దర్శకత్వంలో 'జై సంతోషీ మా' అనే హిందీ సినిమా వచ్చింది. పెద్ద తారలు లేరు, ఖర్చూ తక్కువే. 'షోలే', 'దీవార్' వచ్చిన ఏడాదే వాటితో పాటు ఇది కూడా పెద్ద విజయం సాధించింది. ప్రేక్షకులు చెప్పులు విడిచి హాల్లోకి వెళ్ళారు, తెరమీదికి పూలూ చిల్లరా విసిరారు. ఈ వ్రతకథ అంతకుముందే ఉత్తరాదిన చిన్న పుస్తకంగా ఉండేది. దేశమంతా పాకింది మాత్రం సినిమా తర్వాతే. తెలుగు ఊళ్ళలోనూ గుళ్ళు వెలిశాయి. పదహారు శుక్రవారాలు, బెల్లం శనగలు, పులుపు ముట్టకూడదు. అత్తింట్లో ఆరళ్ళు పడే కోడలు, దూరదేశం వెళ్ళిన మొగుడు. సినిమా పట్టుకున్నది ఎక్కడ నొప్పిగా ఉందో అక్కడే. ఫలించకపోతే? ఇంట్లో ఎవరో పులుపు తిన్నారు.

ఆ రోజుల్లో, ఇన్ని కాపీలు రాసి ఇన్ని ఇళ్ళకి పంపండి, పంపకపోతే కీడు జరుగుతుందనే పోస్టుకార్డులూ కరపత్రాలూ తిరిగేవి. ఇప్పుడు అదే మాట వాట్సప్‌లో పదకొండుమందికి పంపమని వస్తుంది. భయంతో పంపిన కార్డు కూడా భక్తుల లెక్కలోకే పోతుంది. ఇప్పుడు ఆ దేవతకి అప్పటి ఊపు లేదు. సంఖ్యే సత్యానికి కొలతైతే ఆమె సత్యం 1975లో పెరిగి తర్వాత తరిగిందని చెప్పాలి. ఏ భక్తురాలూ దానికి ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడం న్యాయమే. తన దేవతను జనం లెక్కతో కొలవొద్దని ఆమే చెబుతున్నట్టు లెక్క.

ఇది ఒక్క మతం సంగతి కాదు. ప్రార్థన కూటాల్లో 'సాక్ష్యం' చెప్పడమనే పద్ధతి ఉంది. జబ్బు నయమైనామె, తాగుడు మానిన భర్త ఉన్నామె లేచి చెబుతుంది. నయం కాని మనిషికి మైకు అందదు. దర్గాలో మొక్కు తీరినవాళ్ళే తిరిగొచ్చి చాదర్ కప్పుతారు. ప్యూ పరిశోధనా సంస్థ అంచనాల ప్రకారం 2020 నాటికి ప్రపంచంలో క్రైస్తవులు సుమారు 230 కోట్లు, ముస్లిములు 200 కోట్లు, హిందువులు 120 కోట్లు. మనుషుల్లో సగంమంది నమ్మే మతం ఒక్కటీ లేదు. ఎన్నికల్లా చూస్తే ప్రతి మతానికీ వ్యతిరేకంగా పడ్డ ఓట్లే ఎక్కువ. ఎవరి కోట్లు వాళ్ళకి రుజువైతే, పక్కవాళ్ళ కోట్లు ఎందుకు కావో ఎవరూ చెప్పలేరు.

పైగా ఆ కోట్లు ఎవరి నిర్ణయాలు? సాక్షుల సంఖ్యకి విలువ రావాలంటే ఒక్కొక్కరూ తమకు తాముగా చూసి చెప్పాలి. ఒకరి మాటే వెయ్యిమంది అప్పజెబితే అది ఒక్క సాక్ష్యమే. మతం పుట్టుకతో వస్తుంది. ఆడపిల్లకైతే పెళ్ళితో మళ్ళీ మారుతుంది కూడా. పుట్టింటి నోములు వేరు, అత్తింటి ఆనవాయితీలు వేరు, వేరే మతంవాణ్ణి చేసుకుంటే దేవుడే వేరు. జనగణనకి వచ్చిన మనిషికి ఇంటి యజమాని గుమ్మంలో నిలబడి అందరి మతమూ తానే చెప్పేస్తాడు. 2011 లెక్కల్లో హిందువులు 96 కోట్ల పైచిలుకు. పోచమ్మకి బోనమెత్తే స్త్రీ, మేడారంలో సమ్మక్క సారలమ్మలకి బెల్లం సమర్పించే స్త్రీ, చారుమతి కథ ఎన్నడూ విననివాళ్ళు కూడా అందులోనే ఉంటారు. వాళ్ళ కొలుపుల్ని క్షుద్రమని ఈసడించిన శాస్త్రాలకే వాళ్ళ తలల లెక్క బలంగా చూపిస్తారు.

ఒక నమ్మకంలో ఎంతమంది ఉన్నారని అడిగేముందు, అందులోంచి బయటికి వెళ్ళడానికి ఎంత ఖర్చవుతుందని అడగాలి. తలుపు మూసి ఉన్న ఇంట్లో ఎంతమంది ఉంటే ఏం తెలుస్తుంది? ఆ ఖర్చు భరించినవాళ్ళు మనకున్నారు. పండిత రమాబాయి తన తల్లిదండ్రులు దేశమంతా కాలినడకన తిరుగుతూ పురాణాలు చెప్పి, వ్రతాలు, తీర్థాలు, ఉపవాసాలు ఏవీ వదలకుండా చేసి, చివరికి 1870ల కరువులో తిండిలేక చనిపోయిన సంగతి రాసుకుంది. ఇక్కడ మొక్కుకుని మునిగినవాళ్ళ బొమ్మ గీసిన చేయి ఉంది. 1882లో ఆమె వితంతువు అయింది. 1883లో ఇంగ్లాండులో క్రైస్తవం తీసుకుంది. పాలకుల మతంలోకి, అంత పెద్ద సంఖ్యలోకి వెళ్ళి కూడా, అక్కడి మతగురువులు చెప్పినదాన్ని పరీక్షించకుండా ఒప్పుకోనని సిస్టర్ జెరాల్డీన్‌తో ఉత్తరాల్లో పోట్లాడింది. ఆమె చేరిన మతం సత్యమా అన్నది వేరే ప్రశ్న. ఆమె చేరిందన్నది కూడా దానికి రుజువు కాదు. కానీ నమ్మకాన్ని తన బుద్ధితో తూచుకునే హక్కు తనదేనని రెండు మతాల ముందూ నిలబడి చెప్పిన స్త్రీ ఆమె.

అంబేద్కర్ హిందువుగా చావనని 1935లో ప్రకటించి, ఇరవయ్యేళ్ళు ఆలోచించి, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలమందితో బౌద్ధం తీసుకున్నారు. 1951 జనగణనలో దేశంలో బౌద్ధులు రెండు లక్షలలోపు. 1961కి 32 లక్షలు దాటారు. ఆ పెరుగుదల బౌద్ధాన్ని ఎక్కువ సత్యం చెయ్యలేదు. అది చెప్పిన నిజం వేరు. అంతకుముందు దాకా హిందువుల లెక్కలో వాళ్ళని చేర్చి చూపించిన సంఖ్య వాళ్ళ ఆమోదం కాదని చెప్పింది.

ఇక్కడ మన హేతువాద మిత్రులతోనూ ఒక మాట చెప్పుకోవాలి. ఆడవాళ్ళు ఎగబడుతున్నారు కాబట్టి అది మూఢత్వమే అనే వెటకారం వాళ్ళ రాతల్లో తరచూ వినిపిస్తుంది. ఇది మొదటి వాదాన్నే తిరగేసి పట్టుకోవడం. నమ్మేవాళ్ళు ఎక్కువైతే నిజం కానట్టే, నమ్మేవాళ్ళు ఆడవాళ్ళైతే అబద్ధమూ కాదు. సరస్వతీ గోరా గర్భవతిగా ఉండి గ్రహణాన్ని చూసి, జనం భయాన్ని తన ఒంటిమీదే పరీక్షకు పెట్టింది. చూసిన ప్రతివాళ్ళకీ కీడు తప్పదన్న మాట పడిపోవడానికి ఒక్క బిడ్డ చాలు. ఆమె ఎవర్నీ వెక్కిరించలేదు, చేసి చూపించింది.

మరి ఇంతమంది చేస్తున్నారంటే ఆ సంఖ్య ఏమీ చెప్పదా? చెబుతుంది. దేవుడి గురించి కాదు, మన గురించి. వ్రతం చేసే స్త్రీకి ఆ ఒక్కరోజు ఇంట్లో పెత్తనం తనది. కొత్త చీర, నలుగురు ఆడవాళ్ళ కలయిక, మగవాళ్ళు తలదూర్చని కాసేపు కబుర్లు. ఇవి నిజమైన లాభాలు, వీటిని చిన్నబుచ్చనక్కరలేదు. అడిగే కోరికలు కూడా చూడండి. భర్త బతికుండాలి, తాగకుండా ఉండాలి, సంతానం కలగాలి, పిల్లకి పెళ్ళవ్వాలి, జబ్బు తగ్గాలి. ఆస్తి లేని, ఆసుపత్రి అందని, పెళ్ళి తప్ప వేరే ఆధారం లేని జీవితాలు రాసుకున్న అర్జీలవి. ఎన్ని అర్జీలు వచ్చాయో చూస్తే కష్టం ఎంత ఉందో తెలుస్తుంది. అర్జీ అందుకునేవాళ్ళు ఉన్నారో లేదో దాన్నిబట్టి తెలియదు.

వ్రతకథల్ని మనం మళ్ళీ చదవాలి. వెక్కిరించడానికి కాదు, వాటిలో ఎవరు మాట్లాడటం లేదో చూడటానికి. నోచి ఫలించనివాళ్ళ కథల్ని అంతే శ్రద్ధగా అడిగి రాయాలి. ఇది విశ్వవిద్యాలయాల్లో ఎవరైనా తీసుకోదగ్గ పరిశోధన. ఇంట్లో అమ్మనో పెద్దమ్మనో అడిగి మొదలుపెట్టదగ్గ పని కూడా. ఏం నోచావు, ఏం అడిగావు, ఏమైంది, కానప్పుడు ఎవరి తప్పని చెప్పారు? అన్నిటికంటే ముందు, వచ్చే శ్రావణానికి పేరంటం పిలిచేవాళ్ళు ఆ వసారా తలుపు తీసి, వెనక కూర్చున్నవాళ్ళని ముందు గదిలోకి పిలవాలి. నమ్మేవాళ్ళు నమ్మకంతోనే పిలవవచ్చు. ఆ తర్వాత ఎంతమంది నమ్ముతున్నారో లెక్కపెడదాం.